ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఒకటే, టైమ్ మాత్రం ఒక్కో సైట్‌లో ఒక్కోలా. ఏది నమ్మాలి?

కుతూహలం_కె
అమ్మానాన్నలకు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి టికెట్లు చూస్తున్నాను. ఇద్దరికీ విమానంలో ఇంత దూరం ఇదే మొదటిసారి. దూరం లెక్కగట్టే ఒక సైట్‌లో సుమారు 12,400 కి.మీ., టైమ్ 14 గంటల లోపే అని ఉంది. టికెట్ సైట్‌లో నాన్‌స్టాప్‌కే 16 గంటలు చూపిస్తోంది. విమానాలను ట్రాక్ చేసే యాప్‌లో చూస్తే అది తిరిగిన దూరం ఇంకా ఎక్కువ. పైగా టికెట్ మీద తెల్లవారుజామున 2:30కి బయలుదేరి అదే తేదీ ఉదయం 5 గంటలకు దిగినట్టు ఉంది. నాన్న దాన్ని చూసి "రెండున్నర గంటలేనా" అంటున్నారు. తిరుగు టికెట్ చూస్తే ఒక రోజు దాటిపోయేలా ఉంది!

వాళ్ళు అసలు ఎన్ని గంటలు కూర్చోవాలి? ముగ్గురు మూడు రకాలుగా చెప్తే ఎవరి మాట పట్టుకోవాలి? నాన్నకు షుగర్ ఉంది, అందుకే ఇంత టెన్షన్.

భూగోళం_మాస్టారు
ముందు గడియారం సంగతి తేల్చుకుందాం. మన టైమ్ యూటీసీ (ప్రపంచమంతా కొలమానంగా పెట్టుకున్న టైమ్) కంటే ఐదున్నర గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో శీతాకాలంలో ఎనిమిది గంటలు వెనక. కలిపితే తేడా 13:30. మీరు చెప్పిన విమానం 2:30కి బయలుదేరి 16 గంటలు ఎగిరితే, దిగేటప్పటికి ఢిల్లీలో సాయంత్రం 6:30. అందులోంచి 13:30 తీసేస్తే అక్కడ తెల్లవారి 5. తిరిగి వచ్చేటప్పుడు ఆ పదమూడున్నర గంటలూ కలుస్తాయి కాబట్టి 16 గంటల ప్రయాణం టికెట్ మీద 29:30లా కనిపిస్తుంది. మనిషి కూర్చునేది రెండు వైపులా దాదాపు అంతే.

ఇంకొకటి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా 12:30 మాత్రమే. ఏ నెలలో వెళ్తున్నారో చూసి లెక్క వేయండి.

కిటికీ_సీటు
నాన్నగారికి చెప్పండి, ఆ రెండున్నర గంటల్లోనే మూడు సినిమాలు చూసి ఒక మంచి నిద్ర కూడా తీయవచ్చని 😄

రెక్కల_రాజ్యం
మాస్టారు గడియారం సంగతి తేల్చేశారు. దూరం సంగతి నేను చెప్తాను. ఫ్లైట్ డిస్పాచ్‌లో పని చేశాను, ఏ దారిలో వెళ్ళాలి, ఎంత ఇంధనం నింపాలి అన్నది తేల్చే పని అది.

సైట్‌లో చూసిన 12,400 తప్పు కాదు. భూగోళం మీద రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారి అది. గ్లోబు తీసుకుని ఢిల్లీ మీద ఒక వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక వేలు పెట్టి మధ్య దారం బిగించి లాగండి. దారం పసిఫిక్ మధ్యలోంచి పోదు, అట్లాంటిక్ మీదుగానూ పోదు. సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం మీదకు, దాదాపు 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అలాస్కా వైపుగా దిగుతుంది. గోడ మీది మ్యాప్‌లో ఇది పెద్ద వంపులా కనిపిస్తుంది కానీ గ్లోబు మీద అదే తిన్నని దారి.

అయితే ఏ విమానమూ ఆ దారం మీదుగా అచ్చంగా ఎగరదు. గాలి, కొండలు, దేశాల అనుమతులు, దగ్గర్లో దిగడానికి ఎయిర్‌పోర్ట్‌లు, ఇవన్నీ చూసి ఆ రోజు దారి ఆ రోజే వేస్తారు. యాప్‌లో మీకు కనిపించిన ఎక్కువ దూరం అదే.

చాలా సైట్లు చేసేది ఏమిటంటే, దారం పొడవును గంటకు 900 కి.మీ. లాంటి ఒకే వేగంతో భాగించి, ఎక్కడానికి దిగడానికి అని ఒక అరగంట కలిపేస్తాయి. గాలిని అసలు లెక్కలోకే తీసుకోవు. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్ళకు ఆ అంకెను "ఫ్లైట్ టైమ్" అని చూపించడం నాకు అస్సలు నచ్చదు.

సందేహాల_సుబ్బు
నాకో మాట. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. పడమటి వైపు ఎగిరేటప్పుడు మనం వెళ్ళాల్సిన ఊరే మనకు ఎదురొస్తుంది. అంటే పడమటికే తొందరగా చేరాలి. మరి లండన్ నుంచి న్యూయార్క్ వెళ్ళడానికే ఎక్కువ టైమ్, రావడానికి తక్కువ ఎందుకు?

భూగోళం_మాస్టారు
సుబ్బు గారూ, గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. విమానం ఎగిరేది ఆ గాలిలో. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కి.మీ. వేగంతో తిరుగుతుంది. గాలి కలిసి తిరగకపోతే అక్కడ ఇంటి గుమ్మంలో నిలబడినా ఆ వేగంతో ఈదురుగాలి కొట్టాలి.

సందేహాల_సుబ్బు
అయితే భూమి తిరగడానికి విమానం టైమ్‌కి ఏ సంబంధమూ లేదంటారా? అది మాత్రం ఒప్పుకోలేను.

భూగోళం_మాస్టారు
సంబంధం ఉంది, కానీ చుట్టుదారిలో. ఉష్ణమండలంలో వేడి గాలి, ధ్రువాల దగ్గర చల్లని గాలి. ఆ తేడా వల్ల పైన గాలి ధ్రువాల వైపు కదలాలని చూస్తుంది. భూమి తిరుగుతున్నందువల్ల అది తూర్పు వైపుకు మళ్ళుతుంది. అలా పుట్టేదే జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే 30 నుంచి 40 వేల అడుగుల ఎత్తులోనే ఇది పడమర నుంచి తూర్పుకు పారుతూ ఉంటుంది. ఒక్కోసారి గంటకు 300 కి.మీ. కూడా దాటుతుంది. శీతాకాలంలో ఇంకా బలంగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడే ఉత్తరానికీ దక్షిణానికీ వేడిలో తేడా ఎక్కువ.

1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఒయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచాడు. ఆ ఫలితాలను ఎస్పెరాంటో అనే కల్పిత అంతర్జాతీయ భాషలో ప్రచురించాడు. బయటి ప్రపంచంలో ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎత్తున ఎగిరిన బాంబర్లు ఆ గాలికి ఎదురెళ్ళి నిలబడిపోయినంత పనైనప్పుడు గానీ దాని బలం అందరికీ తెలియలేదు. ఈయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

వేగం_విక్రమ్
2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక బోయింగ్ 747 నాలుగు గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. సియారా తుఫాను టైమ్‌లో. నేల మీద లెక్కేస్తే ఒక దశలో గంటకు 1,300 కి.మీ. పైనే. మామూలుగా ఆ దారిలో ఆరు గంటలకు పైనే పడుతుంది.

కిటికీ_సీటు
1,300 అంటే ధ్వని వేగం దాటినట్టేగా? ఆ పని చేసే కాంకార్డ్ విమానం కాకుండానే?

రెక్కల_రాజ్యం
దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది తన మామూలు వేగంలోనే ఉంది. ఆ గాలే విమానాన్ని మోసుకొచ్చింది. ఏటి వాలులో పడవ నడిపినట్టు అనుకోండి. ధ్వని వేగంతో పోల్చాల్సింది గాలిలో వేగాన్ని, నేల మీది వేగాన్ని కాదు.

లెక్కల_లలిత
"పోయేటప్పుడు గాలి ఆలస్యం చేసింది, వచ్చేటప్పుడు అంతా తిరిగి ఇచ్చేస్తుంది" అని చాలామంది అనుకుంటారు. ఇవ్వదు. 5,500 కి.మీ. దూరం, గాలిలో వేగం 900, గాలి వేగం 150 అనుకోండి. ఎదురుగాలిలో 750తో వెళ్తే 7 గంటల 20 నిమిషాలు. వెనక గాలితో 1,050తో వస్తే 5 గంటల 14 నిమిషాలు. మొత్తం 12:34. గాలే లేకపోతే రానూపోనూ 12:13. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, అనుకూల గాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకే ఆ 21 నిమిషాలు ఎప్పటికీ తిరిగి రావు.

సందేహాల_సుబ్బు
లలిత గారి లెక్క బాగుంది. మరి ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో తూర్పా పడమరా? అవతలి వైపు కదా, ఎటైనా వెళ్ళొచ్చుగా!

రెక్కల_రాజ్యం
భలే ప్రశ్న వేశారు. ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. మొదట్లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి పడమటికి, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళేది. సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబర్‌లో దారి తిప్పేసి తూర్పుకు, పసిఫిక్ మీదుగా పంపింది. దూరం సుమారు 15,300 కి.మీ. అయింది. అంటే 1,400 కి.మీ. ఎక్కువ! అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. పాత దారి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ. దారి పొడుగునా జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోసింది మరి. ఎగిరిన దూరం ప్రకారం ఆగకుండా నడిచే సర్వీసుల్లో అప్పటికి ప్రపంచంలో అదే అతి పొడవైనది.

అందుకే దూరం అడిగితే డిస్పాచ్‌లో ఎవరూ కిలోమీటర్లలో ఆలోచించరు. నిమిషాల్లో, టన్నుల ఇంధనంలో ఆలోచిస్తారు.

మేఘమాల
2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చిన ఫ్లైట్ గుర్తుందా? కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో పాటు మన పాపగారి తన్మయి. ఆ వార్త మా అమ్మాయికి చదివి వినిపించాను. ఇప్పుడు తను పైలట్ అవుతానంటోంది, నాకు భలే గర్వంగా ఉంది.

కుతూహలం_కె
ఇంత ఉందా దీని వెనక! మరి పద్నాలుగున్నర గంటల్లో వెళ్ళగలిగినప్పుడు నాకు 16 గంటలు ఎందుకు చూపిస్తోంది?

రెక్కల_రాజ్యం
రెండు కారణాలు. టికెట్ మీది టైమ్ గాల్లో ఉండే టైమ్ కాదు. గేటు దగ్గర విమానం వెనక్కి కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం అన్నీ అందులోనే. పైగా షెడ్యూల్ నెలల ముందే వేస్తారు, ఏ రోజు గాలి ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి కొంత వెసులుబాటు కలుపుతారు. ట్రాకింగ్ యాప్‌లో అదే ఫ్లైట్ నంబర్ కొట్టి గత పది పదిహేను రోజులు చూడండి. నిజంగా ఎంత పట్టిందో, రోజుకూ రోజుకూ ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. నన్నడిగితే నమ్మాల్సిన అంకె అదొక్కటే.

రెండోది దేశాల తలుపులు. పాకిస్తాన్ తన గగనతలాన్ని 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జూలై దాకా మూసింది. 2025 ఏప్రిల్‌లో భారతీయ సంస్థలకు మళ్ళీ మూసింది. అలాంటప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళే మన సంస్థల విమానాలు చుట్టు తిరగాల్సిందే. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, బ్రిటన్, ఐరోపా సమాఖ్య సంస్థలకు లేదు. భారతీయ సంస్థలు మాత్రం వెళ్తున్నాయి. అంటే అవే రెండు ఊళ్ళు, విమానం ఏ దేశానిది అన్నదాన్ని బట్టి దారి మారిపోతుంది.

వేగం_విక్రమ్
దీనికి హెల్సింకి పెద్ద ఉదాహరణ. హెల్సింకి నుంచి టోక్యోకు ముందు తొమ్మిదిన్నర గంటలు. రష్యా మూసుకున్నాక సుమారు 13 గంటలు. ఊళ్ళు అక్కడే ఉన్నాయి, దూరమూ మారలేదు. తగ్గ దారి వెతికి కొన్నిసార్లు ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరారు.

మేఘమాల
మరి టిబెట్ మీదుగా నేరుగా ఎందుకు వెళ్ళరు? ఢిల్లీ నుంచి పైకి చూస్తే అదే దగ్గర కదా.

రెక్కల_రాజ్యం
క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దించాలి. పైనుంచి పడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట అటూ ఇటూగా వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే సుమారు 4,500 మీటర్లు, అంటే 14 వేల అడుగుల పైన. దిగడానికి చోటే లేదు. అందుకే అటువైపు ఎక్కువ విమానాలు పోవు, కొన్ని ప్రత్యేక దారులు తప్ప.

కిటికీ_సీటు
సముద్రం మీద మాత్రం ఇంజిన్ ఆగితే? అది చెప్పండి, నాకు అదే భయం.

రెక్కల_రాజ్యం
రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్‌తోనే ఎంతసేపట్లో ఏదో ఒక ఎయిర్‌పోర్ట్ చేరగలగాలి అన్నదానికి కట్టుదిట్టమైన అనుమతులు ఉంటాయి. ఈటాప్స్ అంటారు. 120, 180 నిమిషాలు, కొన్నిటికి 330 నిమిషాలు కూడా. ఆ పరిధిలో దిగే చోటు లేకపోతే ఆ దారి వేయనే వేయం. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న బోయింగ్ 777 ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు చివర మగదాన్‌లో క్షేమంగా దిగింది. ఆ ఊరు దారికి దగ్గరలో ఉండడం అదృష్టం కాదు, ముందే లెక్కలో ఉన్న ఊరు. భయపడకండి.

శాంతి_అత్తయ్య
పిల్లలంతా గాలి, ధ్రువాలు అంటున్నారు, ఆ అమ్మానాన్నల సంగతి ఎవరూ చెప్పడం లేదు. మా వారూ నేనూ ఈ దారిలో వెళ్ళొచ్చాం. నా మాట, నాన్‌స్టాప్ వద్దు. 16 గంటలు ఒకే సీట్లో కూర్చుంటే కాళ్ళు వాచిపోతాయి. మధ్యలో ఎక్కడైనా ఒక మూడు నాలుగు గంటలు దిగి నడవడం మేలు.

లెక్కల_లలిత
అత్తయ్యగారూ, మీ అనుభవం కాదనను, కానీ నాది వేరే మాట. ఒక స్టాప్ అంటే మొత్తం 20 నుంచి 24 గంటలు. తెలియని ఎయిర్‌పోర్ట్‌లో టెర్మినల్ మారాలి, మళ్ళీ సెక్యూరిటీ, గేటు వెతకాలి. మొదటి ఫ్లైట్ ఆలస్యమైతే రెండోది పోతుంది. మా నాన్నగారు కనెక్షన్ తప్పి రాత్రంతా ఒక కుర్చీలో కూర్చున్నారు, ఫోన్‌లో చార్జ్ లేక మాకు కబురు కూడా లేదు. ఆ రాత్రి మేం పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదు. మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకు నాన్‌స్టాపే.

శాంతి_అత్తయ్య
వీల్‌చెయిర్ అడిగి ఉంటే ఆ ఇబ్బంది ఉండేది కాదమ్మా. నడవగలిగినా సరే అడగాలి. మనిషి తోడుండి గేటు దాకా తీసుకెళ్తాడు. భాష రాకపోయినా పర్వాలేదు. కనీసం 48 గంటల ముందు చెప్పమంటారు, టికెట్ తీసుకునేటప్పుడే రాయించేయండి.

లెక్కల_లలిత
వీల్‌చెయిర్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నాన్‌స్టాప్ విషయంలో మాత్రం నా మాట అదే 🙂

వైద్యం_వేణు
కాళ్ళ గురించి: నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. పెద్ద వయసు, ఇటీవల ఆపరేషన్, ముందు ఎప్పుడైనా గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఇంకా ఎక్కువ. నాన్‌స్టాప్ అయినా గంటా రెండు గంటలకోసారి లేచి నడవాలి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందకీ ఆడించాలి, నీళ్ళు తాగాలి. అందుకే ఇద్దరికీ నడవా పక్క సీట్లు తీసుకోండి. కిటికీ సీటు అందంగా ఉంటుంది కానీ లేవాలంటే మొహమాటపడి కూర్చుండిపోతారు.

షుగర్ మందుల గురించి జాగ్రత్త. 13 గంటలు గడియారం తిరగబడుతోంది కాబట్టి "రాత్రి వేసుకునే మాత్ర" ఎప్పుడు వేసుకోవాలో అక్కడ అర్థం కాదు. ఇన్సులిన్ వాడుతుంటే మరీ ముఖ్యం. టికెట్ టైములు డాక్టర్‌కు చూపించి, ఏ గంటకు ఏది అన్నది కాగితం మీద రాయించుకోండి, ఢిల్లీ టైమ్‌లోనే. నాన్నగారి వాచీని దిగేదాకా మార్చనివ్వకండి. మందులు, చీటీ చేతి బ్యాగులోనే. ఇన్సులిన్‌ను చెక్‌-ఇన్ సామానులో అసలు పెట్టకూడదు, కార్గోలో గడ్డకడితే పనికిరాదు.

కిటికీ_సీటు
నా పేరు మార్చుకోవాలేమో ఇక 😅

మేఘమాల
జెట్ లాగ్ సంగతి కూడా. తేడా 12, 13 గంటలంటే పగలు రాత్రి పూర్తిగా తలకిందులు. శరీరం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని చెప్తారు. మొదటి వారం వాళ్ళను ఊళ్ళు తిప్పే ప్రోగ్రాం పెట్టకండి. పొద్దున వెలుతురులో కాసేపు నడిపించండి, అదే పెద్ద మందు.

సందేహాల_సుబ్బు
ఇంకో ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి అక్కడి నుంచి ఇంకో ఊరికి వెళ్ళాలంటే బ్యాగులు నేరుగా వెళ్ళిపోతాయా?

లెక్కల_లలిత
మామూలుగా వెళ్ళవు. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ ఇవ్వాలి. ఆ వరస ఎంతసేపు పడుతుందో చెప్పలేం. తర్వాతి ఫ్లైట్‌కు కనీసం మూడు గంటల ఖాళీ పెట్టుకోండి.

కుతూహలం_కె
వాళ్ళకు శాన్‌ఫ్రాన్సిస్కోనే చివరి ఊరు, అక్కడ మా చెల్లి వచ్చి తీసుకెళ్తుంది. ట్రాకింగ్ యాప్‌లో గత రెండు వారాలు చూశాను. ఒకే ఫ్లైట్‌కు రోజుకూ రోజుకూ గంటకు పైగా తేడా ఉంది! నాన్‌స్టాపే తీసుకుంటున్నాను, ఇద్దరికీ నడవా పక్క సీట్లు, వీల్‌చెయిర్ కూడా రాయించాను. అత్తయ్యగారు ఏమీ అనుకోవద్దు.

శాంతి_అత్తయ్య
ఎందుకు అనుకుంటాను నాయనా. ముందూ వెనకా సీట్లు కాకుండా పక్కపక్కనే వచ్చేలా చూడు, మధ్యలో నడవా ఉన్నా పర్వాలేదు. అమ్మకు ఒక శాలువా పెట్టు, లోపల చలి.

రెక్కల_రాజ్యం
కె గారూ, చెల్లెలికి ఒక మాట చెప్పండి. గాలి బాగుంటే అరగంట, ముప్పావుగంట ముందే దిగిపోతారు. టికెట్ మీది టైమ్ చూసుకుని ఇంట్లోంచి బయలుదేరకుండా, విమానం ఢిల్లీలో లేచాక యాప్‌లో చూపించే అంచనా టైమ్‌ను పట్టుకోమనండి. ఆ రోజు గాలి, ఆ రోజు దారి లెక్కలోకి వచ్చేది అందులోనే.

కుతూహలం_కె
చెల్లి ఫోన్‌లో యాప్ ఇప్పుడే వేయించాను.